నాలుగు పళ్ల దువ్వెన

1996 జూలై పదకొండు, గురువారం. మధ్యాహ్నం నా భర్త కమీసి అడవి నుంచి మాంసం తెచ్చాడు. పొద్దు వాలకముందే వాళ్ల తాత అతన్ని ఇంట్లోంచి పంపించేశాడు.

మా ఊరు సహవారిలో గురువారం ఎవరూ మట్టిలో ఇనుము దించరు. పెద్దలు పెట్టిన కట్టడి. అందుకని మగవాళ్లు ఆ రోజు ఉచ్చులు చూసుకుంటారు. కమీసి పడమటి గట్టు మీద అడవిలో ఒక పట్టీ నరికి, దాని మీదుగా ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు ఒక వాసం కట్టి, వాసం పొడుగునా ఉచ్చులు పెట్టాడు. అటు నుంచి ఇటు దాటాలనుకున్న జంతువు వాసం మీదికి వస్తుంది. ఆ రోజు పడినదాన్ని అక్కడే బొచ్చు కాల్చి, పేగులు తీసి, పచ్చికట్టెల పొగ మీద ఆరబెట్టి తెచ్చాడు. నల్లగా ఉంది. తోక లేదు.

తోక లేకపోవడంలో వింత లేదు. సింపున అనే పెద్ద లెమూరును పట్టినవాడు దాని తోక కోసి, ఆ చెట్టు మొదట్లోనే రాయి కింద పెట్టి రావాలి. అది అడవి వాటా. కమీసి తండ్రి అలాగే చేసేవాడు, తాతా అలాగే చేసేవాడు.

చిక్కంతా బబకుటు అనే ఇంకో లెమూరుతో. సింపున ఆకులు తిని చెట్ల మీదే బతుకుతుంది. బబకుటూ అంతే. రెండూ రెండేళ్ల పిల్లంత ఉంటాయి, బరువులో తేడా చెప్పలేం. సింపునకు మూరెడు తోక. బబకుటుకు బొటనవేలంత. సింపునను తింటాం. బబకుటును చంపం, తినం, దాని వైపు వేలు చాపం. చూపించాల్సి వస్తే వేలు మడిచి చూపిస్తాం. మా వంశం మొదట్లో ఒకాయన తేనె కోసం చెట్టెక్కి, పట్టు జారి పడబోతే, బబకుటు పట్టుకుని కిందికి దించింది. ఆయన బతకకపోతే మేమెవరమూ లేము.

నేను మాంసం ముక్కలు కొట్టి అల్లం వేసి వండాను. రెండు ముక్కలు తిన్నాను. అప్పుడు కలువుల అత్త నిప్పు కోసం వచ్చింది. కమీసికి మేనత్త, తాతకు కూతురు. పక్కిల్లే. తట్టలో మిగిలిన నడుము భాగాన్ని చేత్తో తిప్పి చూసింది.

"తోకేదిరా?"

"రాయి కింద పెట్టొచ్చానత్తా."

"కోస్తే మొదలైనా మిగలాలిగా. ఇక్కడ మొదలు కూడా లేదు."

"మొత్తం మంటలో పెట్టాను. అన్నీ మాడాయి."

అత్త నిప్పు తీసుకోకుండానే వెళ్లింది. కాసేపటికి తాతతో, ఇంకో ఇద్దరు మగవాళ్లతో వచ్చింది. అందరూ కమీసిని వెంటబెట్టుకుని గట్టెక్కారు. అతను చూపించిన చెట్టు దగ్గర రాయి ఉంది. ఎత్తితే కింద తడి మట్టి ఉంది. తోక లేదు. అడవిపిల్లి తీసుకెళ్లి ఉంటుందన్నాడు కమీసి. ఉండొచ్చన్నాడు ఒకాయన.  దిగి వచ్చేటప్పుడు అత్త, రోజూ పొద్దున పాడే దగ్గరి గట్టు బబకుటులు ఇవాళ పాడాయా, ఎవరైనా విన్నారా అని అడిగింది. ఎవరూ వినలేదు.

తాత పేరు జఫిముర. డెబ్బై నాలుగేళ్లు. మా వంశానికి తంగలమేన, అంటే బతికున్నవాళ్ల తరఫున పోయినవాళ్లతో మాట్లాడేవాడు. చేతిలో ఎర్ర కర్ర ఉంటుంది. అమ్మానాన్న లేని కమీసిని పెంచింది ఆయనే. ఇంట్లో ఈశాన్య మూల కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, గొంతు పెంచకుండా చెప్పాడు. పడింది ఏదో తేలేదాకా కమీసి పొలం గుడిసెలో ఉండాలి. ఇంటి కుండలోంచి తినకూడదు.

బబకుటు అని తేలితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. అందరికీ తెలుసు. చనిపోయాక కమీసి శవపెట్టెను కొండ మీద పెద్దల వరుసలో పెట్టరు. మనిషి ఎక్కడ బతికినా మా వాళ్లు పట్టించుకోరు. పెద్దల పక్కన పడుకోనివాడు అసలు పుట్టనట్టే. వాడి పిల్లలకూ అక్కడ చోటుండదు. నాకప్పుడు ఐదో నెల.

కమీసి చాప చుట్టుకుని వెళ్లాడు. మర్నాడు నేను ఆ మాంసాన్ని ఊరి బయట పూడ్చిపెట్టాను. దవడ ఎముక ఒక్కటి దాచాను. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. మా ఇళ్లలో దవడ పారెయ్యరు, పొయ్యి మీద నార తాడుకు కడతారు. దీన్ని అక్కడ కట్టే ధైర్యం లేక అల్లం బుట్ట అడుగున పెట్టాను.

గుడిసె ఊరికి అరగంట దూరం, ఎగువన. రోజూ అతనికి చిన్న కుండలో వేరే వండి తీసుకెళ్లేదాన్ని. అల్లం తవ్వే రోజులు. జల్లు ఆగకుండా పడుతుండేది. అతను గుమ్మంలో కూర్చుని మట్టి దులుపుతూ ఉండేవాడు.

"ఏం తెచ్చావు?"

"అన్నం. కర్రపెండలం ఆకు కూర."

"మాంసం లేదా?"

 నాకే ముందు నవ్వొచ్చింది.

అత్త ఏమంటోందని అడిగాడు. ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించమందని చెప్పాను.

"పుక్కిలించావా?"

"ఏడుసార్లు."

"రుచి పోయిందా మరి?"

"పోలేదు. అల్లం బాగా పట్టింది."

అతను తిన్నంతసేపూ నేను కుండ పట్టుకుని కూర్చున్నాను. లేవబోతుంటే ఆగమని నా పొట్ట మీద చెయ్యి పెట్టాడు. ఆ రోజు బిడ్డ కదల్లేదు. రేపు కదులుతుందిలే అన్నాడు.

కింద ఇంట్లో తాత రోజూ పొద్దున మెట్టు మీద కూర్చునేవాడు. బబకుటులు పాడే వేళ అది. దూరం గట్టు మీదివి పాడేవి. ఆ పాట కోసు దూరం వినబడుతుంది. ఊరి పక్క గట్టు మీదివి మాత్రం పాడలేదు. పాడని రోజుకొకటి చొప్పున ఆయన ఒక నార తాడుకు ముడి వేసేవాడు. ముడి వేశాక లేచి, గంజి తాగి, బుట్టలు అల్లడానికి కూర్చునేవాడు. కమీసి పేరు ఎత్తేవాడు కాదు. అయితే నేను చిన్న కుండ దించేటప్పుడు ఆ కుండలోకి ఒకసారి చూసేవాడు. ఒకరోజు, నేను బయటి నుంచి వచ్చేసరికి, అందులో ఎండుచేప ముక్క ఒకటి ఉంది. నేను వేసింది కాదు.

జూలై ఇరవై తొమ్మిదిన డాక్టర్ లలాయిన వచ్చింది. రాజధానిలో విశ్వవిద్యాలయం నుంచి, ఇద్దరు విద్యార్థులతో. నలభై ఏళ్లుంటాయి. మా బురదలో మొదటిరోజు మూడుసార్లు పడింది. చదువు బరువెక్కువై పడుతోందని కలువుల అత్త అంటే, ఆ మాట విని తనే ముందు నవ్వింది.

వాళ్లు వచ్చింది లెమూర్ల కోసం. మా పడమటి గట్టు మీద సింపునల వీపు నలుపు. ఏటికి అవతల వాటి వీపు బూడిద రంగు. పుస్తకాల్లో రెండింటినీ ఒకటే జాతిగా రాశారట. నిజంగా ఒకటేనా, వేరా అన్నది ఆవిడ తేల్చాలి. చెట్ల కింద మెడలెత్తి కూర్చుని అవి ఏ ఆకు తింటున్నాయో, ఎంతసేపు తింటున్నాయో రాసుకునేవాళ్లు. పెంటికలు ఏరి సీసాల్లో వేసేవాళ్లు. సంపాదించుకోవడానికి నేను వాళ్లకు వంట చేశాను.

పాత దవడలు ఉంటే చూపించమని ఆవిడ ఇల్లిల్లూ తిరిగి అడిగింది. సర్కారు లెక్కలో వేట నేరం, అందుకని అందరూ లేవన్నారు. ప్రతి ఇంట్లోనూ ఆవిడ నెత్తి మీదే వేలాడుతున్నాయి. ఆవిడ తలెత్తి చూసి, సరే, లేవు అని దిగి వచ్చేసేది. నాలుగో రోజుకి అది నాకు నచ్చింది. మా పొయ్యి మీది తాడు విప్పి, పదకొండు దవడలూ బుట్టలో వేసుకుని గుడారానికి వెళ్లాను. అల్లం బుట్టలోది తీయలేదు.

ఆవిడ వాటిని గుడ్డ మీద పరిచింది. ఒకదాన్ని తీసి ముందు పళ్లు చూపించింది. అవి నిటారుగా ఉండవు. దువ్వెన పళ్లలా ముందుకు వాలి ఉంటాయి. లెమూర్లు వాటితోనే బొచ్చు దువ్వుకుంటాయి, ఒకదాన్నొకటి దువ్వుతాయి కూడా అంది.

"లెక్కపెట్టు."

"ఆరు."

"ఇది గోధుమ రంగు లెమూరుది, పండ్లు తినేది. ఇప్పుడిది?"

"నాలుగు."

పదకొండింటిలో రెంటికి ఆరు పళ్లు, తొమ్మిదింటికి నాలుగు. ఆ తొమ్మిదీ సింపునలే. తర్వాత ఆవిడ పెట్టెలోంచి ఇంకో రెండు దవడలు తీసింది. పాతవి, రాజధాని నుంచి తెచ్చినవి. ఒకటి చిన్నది, మేం తెల్లతొడ అనేదానిది. పగలంతా తల్లీబిడ్డా తండ్రీ ఒకరినొకరు కరుచుకుని కొమ్మ మీద పడుకుంటాయే, అది. దానికి నాలుగే. రెండోది సింపునంత ఉంది. దానికీ నాలుగే. అదేమిటని అడిగాను. ఆవిడ నోటితో చెప్పలేదు. మావాళ్లలాగే వేలు మడిచి గట్టు వైపు చూపించింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆకులు తిని, చెట్టు పట్టుకుని నిలువుగా కూర్చుని, కాళ్లతో తన్ని ఎగిరేవి ఈ మూడే అంది. కిందపళ్ల దువ్వెనలో నాలుగే పళ్లున్నవీ ఈ మూడే.

"పళ్లు అబద్ధం చెప్పవా?"

"చెప్పవు. చెబితే మేమే చెప్పాలి."

"అంటే ఏమిటి డాక్టరమ్మా?"

"ఎన్నో లక్షల ఏళ్ల కింద ఒక ముసలమ్మ ఉండేదనుకో. ఆవిడ సంతతి ఈ మూడూ. ఒకళ్లు పాడటం నేర్చారు. ఒకళ్లు గంతులు. ఒకళ్లకు నిద్ర ఎక్కువ."

ప్రతి దవడకూ ఆవిడ ఒక అట్టముక్క కట్టేది. దాని మీద తేదీ, ఊరు. కింద మూడు గీతలు. మొదటి గీత మీద కుటుంబం, రెండో గీత మీద ప్రజాతి, మూడో గీత మీద జాతి. ముసలమ్మ ఎవరో మొదటిది చెబుతుంది, నాలుగు పళ్లవాటికి అది ఇంద్రిడే; ఆవిడ బిడ్డల్లో ఎవరో రెండోది, మనవల్లో ఎవరో మూడోది అని చెప్పింది. మూడూ నిండితే గానీ పెట్టెలో పెట్టదు. సింపునకూ బబకుటుకూ దవడ చూసి తేడా చెప్పగలరా అని అడిగాను. కొలిస్తే చెప్పగలనంది. బబకుటుది మూతి పొడుగు.

ఆ సాయంత్రం దవడలు తెచ్చి మళ్లీ పొయ్యి మీద కట్టి, అన్నం దగ్గర తాతకు ఇదంతా చెప్పాను, దాచిన దవడ సంగతితో సహా. ఆయన కోప్పడలేదు. చెంచా కింద పెట్టాడు.

"ఒకే ముసలమ్మ అందా?"

"అలాగే అంది."

"మూడింటికీ?"

"మూడింటికీ."

 కుండ అడుగు మాడులో కాచిన గంజి తాగి, ఇరవై రెండో తేదీ గురువారం ఆవిణ్ణి ఇంటికి రమ్మను, కొలిచేది తెచ్చుకోమను అన్నాడు.

మర్నాడు గుడిసెకు వెళ్లాను. కమీసికి చెప్పి, దవడ ఇవ్వాలా వద్దా అని అడిగాను. ఇవ్వకపోతే పోయిందని చెప్పొచ్చు. ఎప్పటికీ తేలదు. గుడిసెలోనే ముసలివాళ్లం కావొచ్చు. ఇస్తే ఒక్క రోజులో అటో ఇటో అయిపోతుంది.

అతను తవ్వుకోల పక్కన పెట్టి కూర్చున్నాడు.

"నువ్వు నన్నొక్కసారి కూడా అడగలేదు. తోక ఉందా లేదా అని."

"నువ్వు చెప్పావుగా."

"చెప్పాను. ఆ రోజు మంచు. పొగ. నేను వెళ్లేసరికే చచ్చిపోయి ఉంది, బొచ్చంతా తడిసి నల్లగా ఉంది. కత్తి పెట్టి కోశాను, రాయి కింద పెట్టాను. అంతా చేతికి గుర్తుంది. కానీ ఈ నెల రోజుల్లో ఆ తోకను రోజుకి పదిసార్లు కోశాను. మొదటిసారి కోసింది ఏదో ఇప్పుడు నాకే తెలియదు."

నేను కుండకు మూత పెట్టాను.

"ఇచ్చెయ్," అన్నాడు. "బిడ్డ పుట్టేలోగా తెలియాలి."

అప్పుడు బిడ్డ కదిలింది. అతని చెయ్యి తీసి అక్కడ పెట్టాను. చాలాసేపు తియ్యలేదు.

ఆగస్టు ఇరవై రెండు, గురువారం. వాన లేదు. తాత ఇంట్లో తూర్పు వైపు చాప మీద కూర్చున్నాడు. ఎర్ర కర్ర ముందు పెట్టాడు. పక్కన నార తాడు, నలభై రెండు ముడులు. కలువుల అత్త గుంజకు ఆనుకుని నిలబడింది. కమీసి కింద వాకిట్లో ఉన్నాడు. మెట్టెక్కడానికి వీల్లేదు. గోడ తాటాకుల సందుల్లోంచి అతని చొక్కా కనబడుతోంది.

అల్లం బుట్టలోంచి దవడ తీసి చేటలో పెట్టి డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని తీసుకుని, అంటిన మట్టి బొటనవేలితో తుడిచి, వెలుతురుకు తిప్పి చూసింది. ఆవిడ ముఖంలో ఏమైనా కనబడుతుందేమోనని చూశాను. ఏమీ కనబడలేదు. సంచిలోంచి కొలిచే కాలిపర్ తీసి తెరిచింది.

"ఆగమ్మా," అన్నాడు తాత. "ముందు నాకో సంగతి చెప్పు. దీనికెన్ని పళ్లు?"

"ముందు నాలుగు, పెద్దయ్యా."

"అంటే ఆ ముసలమ్మ సంతతే."

"అవును. అంతవరకూ కొలవకుండానే చెప్పగలను."

తాత నా వైపు చూశాడు. పొయ్యి మీది తాడు తెమ్మన్నాడు. తెచ్చాను. ఆరు పళ్లవి రెండూ తీసి పక్కన పెట్టించాడు. మిగిలిన తొమ్మిదీ చాప మీద వరసగా పెట్టాడు.

"ఇవి?"

"ఇవీ అంతే."

"తొమ్మిదీ?"

"తొమ్మిదీ పెద్దయ్యా."

ఆయన వాటిని ఒక్కొక్కటే ముట్టుకుంటూ చెప్పాడు. ఇది మా నాన్న తెచ్చింది. ఇవి మూడూ నేను తెచ్చినవి. ఇవి వీడి నాన్నవి. ఇది వీడి పెళ్లికి తెచ్చింది, ఊరంతా తిన్నారు. డాక్టరమ్మ కాలిపర్ తెరిచి పట్టుకునే ఉంది.

అత్త అంది, తెలియక తిన్నది వేరు నాన్నా అని. ఇది తోక లేనిదని నేను కళ్లారా చూశాను అని.

"కలువులా, నువ్వు ఎక్కడ పుట్టావు?"

అత్తకు అర్థం కాలేదు. "అడవిలో. నలభై ఏడులో."

నలభై ఏడు అంటే మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. తిరుగుబాటు జరిగింది, సిపాయిలు వచ్చారు, ఊళ్లు తగలబడ్డాయి. బతికినవాళ్లు నెలల తరబడి అడవిలో దాక్కున్నారు.

"మీ అమ్మకు మూడు రోజులు పాలు పడలేదు," అన్నాడు తాత. "నాలుగో రోజు నేనొకటి కొట్టి తెచ్చాను. మంట పెడితే పొగ కనబడుతుంది. పచ్చిదే చీరి పెట్టాను. తోక ఉందో లేదో నేను చూడలేదు. చూడకూడదనుకున్నాను. మీ అమ్మా అడగలేదు. మర్నాటికి నీకు పాలొచ్చాయి."

అత్త గుంజ వదిలేసి నేల మీద కూర్చుంది. పైబట్ట కొంగు తీసి మోకాళ్ల మీద పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఈ కర్ర నా చేతికొచ్చి ఇరవై రెండేళ్లు," అన్నాడు తాత. "ఏడాదికోసారి కొండ మీదికి వెళ్లి అందరి తప్పులూ వాళ్లకు చెబుతాను. ఇదొక్కటి చెప్పలేదు."

తర్వాత డాక్టరమ్మతో అన్నాడు:

"మూసెయ్యమ్మా దాన్ని."

ఆవిడ మూసింది. చిన్న చప్పుడు అయింది.

ఆ ముసలమ్మ సంతతిని అందరం తిన్నాం, ఆ తప్పుకు అందరికీ కలిపి కోసే ఎద్దు ఒకటే అని తాత చెప్పాడు. వచ్చే వారం. కొండ మీద అందరి పేర్లూ చెబుతాను, మొదటిది నాది అన్నాడు. ఇక ఈ ఇంట్లో నాలుగు పళ్లది ఏదీ పొయ్యి ఎక్కదు, సింపున గానీ తెల్లతొడ గానీ. కాబట్టి ఈ ఎముకలు ఇక్కడ ఉండకూడదు, ఆరు పళ్లవి రెండూ కలిపి నువ్వు తీసుకెళ్లు, అన్నీ కొలుచుకో అని డాక్టరమ్మతో అన్నాడు.

"ఈ ఒక్కటీ కొలవొద్దు."

"మా దగ్గర అట్టముక్క మీద రాయాలి పెద్దయ్యా. ఖాళీగా ఉంటే అడుగుతారు."

"నేను అడిగినంతవరకే రాయి."

ఆవిడ కాలిపర్ సంచిలో పెట్టి, సరేనంది.

తాత ముడులు వేసిన నార తాడు తీసుకుని పొయ్యిలో పెట్టాడు. అది అంటుకునేదాకా చూసి, నాతో అన్నాడు:

"అమ్మాయ్, ఇవాళ పెద్ద కుండలో వండు."

నేను కుండ తీసుకుని నీళ్ల కోసం మెట్టు దిగాను. కమీసి వాకిట్లో అక్కడే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. నా చేతిలోంచి కుండ తీసుకుని తనే ఏటికి వెళ్లాడు. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉన్నాడు.

ఆగస్టు ఇరవై తొమ్మిదిన కొండ మీద ఎద్దును కోశారు. తాత చెరకు సారా నేల మీద పోసి పేర్లు చెప్పాడు. తన పేరు, తన భార్య పేరు, తన తండ్రి పేరు, కొడుకు పేరు. కలువుల అత్త పేరు వచ్చినప్పుడు అత్త తనే రెండు అడుగులు ముందుకు వేసింది. కమీసి పేరు పద్దెనిమిదోది. నా పేరు పంతొమ్మిదోది.

సెప్టెంబర్ ఆరున, పొద్దున, ఊరి పక్క గట్టు మీద బబకుటులు పాడాయి. రెండు గొంతులని కొందరు, మూడని కొందరు అన్నారు. పాతవేనా, కొత్తగా వచ్చినవా అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. మాకు జూన్ నుంచి ఆగస్టు దాకా ఉండే చలికాలంలో అవి ఎటూ తక్కువే పాడతాయని డాక్టరమ్మ అంది. ఆ నెలాఖరుకు వాళ్లు గుడారం ఎత్తారు. పడమటి గట్టు సింపునలు వేరే జాతా కాదా అన్నది ఆ ఏడు తేలలేదని తర్వాత ఉత్తరం రాసింది.

నవంబర్ పంతొమ్మిదిన అమ్మాయి పుట్టింది. మొదట ఎత్తుకున్నది కలువుల అత్త. రెండో రోజున, నాకు పాలు పడ్డాయా అని అడిగింది. పడ్డాయని చెప్పాను. సువవుల అని పేరు తనే పెట్టింది.

తాత 2004లో పోయాడు. అత్త 2011లో. కమీసి 2019 మార్చిలో, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, పదకొండు రోజులు మంచంలో ఉండి పోయాడు. అతని పెట్టె కొండ మీద తూర్పు వరుసలో, తాత పెట్టెకు పక్కన ఉంది.

2021 అక్టోబరులో సువవుల నన్ను రాజధానికి తీసుకెళ్లింది. కంటి ఆపరేషన్ కోసం. కట్టు విప్పిన నాలుగో రోజు విశ్వవిద్యాలయానికి వెళ్లాం. లలాయిన డాక్టరమ్మ పదవీ విరమణ చేసింది. ఆవిడ దగ్గర చదువుకున్న ఒకాయన బీరువా తెరిచి, సహవారి అని రాసి ఉన్న పెట్టె బల్ల మీద పెట్టాడు. పన్నెండు దవడలు ఉన్నాయి. పదకొండింటి అట్టముక్కల మీద మూడు గీతలూ నిండి ఉన్నాయి. పన్నెండోది చూపించమని అడిగాను. ఇదొక్కటి మేడమ్ ఎవరినీ ముట్టుకోనివ్వలేదండి అన్నాడు. సువవుల చదివి వినిపించబోతే వద్దన్నాను. కట్టు విప్పాక నేను చదివిన మొదటి అక్షరాలు అవే.

సహవారి. 11-7-1996. కుటుంబం: ఇంద్రిడే.

కింది రెండు గీతలూ ఖాళీగా ఉన్నాయి.